మన పిల్లను మనమే పొగడకూడదు

వవావు
అక్టోబరు 14, 2022

ఫిలిమోనె కూతురు పిసిలాకు,

నీ మేనత్త లోసలీనె రాస్తున్నాను. ప్రభువు కృపవల్ల ఇక్కడ మన ద్వీపంలో అందరం లేచి తిరుగుతున్నాం. సముద్రం అడుగున వైరు తెగినప్పటినుంచి ఫోనులో నీ గొంతు వాననీళ్ల తొట్టిలోంచి మాట్లాడుతున్నట్టు వస్తోంది. సగం మాటలో ఆగిపోతుంది కూడా. దానికంటే ఉత్తరమే నయం. ఆపిల్ తోటల్లో పనికి అటు వస్తున్న సెమిసి చేతికి ఇచ్చి పంపుతున్నాను. వాడికి అన్నం పెట్టి పంపు, సిగ్గుపడతాడు, రెండుసార్లు అడుగు.

నీకు డాక్టరేట్ వచ్చి ఏడాది దాటింది. చర్చిలో ప్రతివాళ్లూ నీ పని ఏమిటని అడుగుతున్నారు. మీ నాన్న నాకు తమ్ముడు కాబట్టి మన ఆచారం ప్రకారం నేనున్న గదిలో కూర్చోడు. వాకిట్లో నిలబడి మీ అమ్మతో చెబుతాడు, నేను లోపలినుంచి వింటాను. అందులోనూ నీ సంగతి సగమే చెబుతాడు, గొప్పలు పోయినట్టు ఉంటుందని. నేను వింటే తేలిందేమిటంటే, పెద్ద చదువులు చదివినవాళ్లకు ఉద్యోగాలు ఇప్పించే ఆఫీసులో ఉన్నావట. పాస్టరమ్మకు అదే చెప్పాను. చాపలు నేసే చోట తలాహివా ఊరుకుంటుందా? "అందరికీ ఉద్యోగాలు పంచిపెట్టే పిల్ల తనకోసం ఒకటి అట్టేపెట్టుకోలేదా వదినా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

నిజం రాయి. బాగా తిను.

నీకోసం రోజూ మోకరించే
మేనత్త


ఆక్లాండ్
నవంబరు 6, 2022

అత్తకు, మీ పిసిలా వందనాలు.

సెమిసి మూడుసార్లు అడిగితే తిన్నాడు. మీరు పంపిన కొబ్బరినూనె చేరింది. మూత తీయగానే గది అంతా మన ఇల్లయిపోయింది.

నేను ఎవరికీ ఉద్యోగాలు ఇప్పించడం లేదత్తా. మా ఆఫీసు బట్టలుతికే షాపు పైన ఒక్క గది. బ్రిజెట్ అని ఒకావిడ నడుపుతుంది. డాక్టరేట్ పుచ్చుకుని పని దొరకనివాళ్లు మా దగ్గరికి వస్తారు. వాళ్లకు నేను బయోడేటా రాసిపెడతాను. వాళ్ల పరిశోధన మూడు వందల పేజీలుంటుంది, దాన్ని రెండు పేజీలకు దించాలి. అన్నీ తెలిసినవాళ్లే, తమ గురించి చెప్పమంటే మాత్రం నేలచూపులు చూస్తారు. నిన్న ఒకాయన వచ్చాడు. కొండరాళ్ల మీది నాచు మీద ఏడేళ్లు పనిచేశాడట. ఏం చేశారు అంటే, "నాచు గురించి కొంచెం చూశానండీ" అన్నాడు. అలాంటప్పుడు నేను ఒకే ప్రశ్న అడుగుతాను: "మీరు లేకపోతే ఆ పని ఏమయ్యేది?" ఆయన కిటికీవైపు చూసి, "ఆ నాచు ఉందని ఎవరికీ తెలియకముందే ఆ కొండను తవ్వేసేవాళ్లు" అన్నాడు. అది తీసుకెళ్లి పేజీకి పైన పెట్టాను. సహాయపడ్డాను అని వాళ్లు రాసిన చోట నడిపించాను అని మారుస్తాను. అబద్ధం కాదు. వాళ్లు మింగేసిన నిజమే.

సాయంత్రానికి ఒంట్లో ఏమీ మిగలదు. ఇంటికొచ్చి నా బయోడేటా తెరుస్తాను. నన్ను నేను మెచ్చుకునే మొదటి వాక్యం రాయగానే మీరు వెనక నిలబడి చిన్నగా దగ్గినట్టు అనిపిస్తుంది. మూసేస్తాను.

అయినా ఒక దరఖాస్తు పెట్టానత్తా. ఇక్కడి సముద్ర పరిశోధనా సంస్థలో. మన ద్వీపాల చుట్టూ ఉన్న పగడపు దిబ్బల మీద పని. నా వీసా జూలై ఆఖరుకు అయిపోతుంది. ఈలోగా నా చదువుకు తగిన పని దొరకకపోతే నేను ఈ దేశం వదిలి వెళ్లిపోవాలి, దిబ్బల మీద మొదలుపెట్టినదంతా అక్కడే ఆగిపోతుంది. నేను ఎవరి మధ్య పరిశోధన చేశానో ఆ ఊరి పెద్ద ఒకరు నా గురించి రాయాలని వాళ్ల షరతు. గుల్లలు ఏరే ఆడవాళ్ల సంఘానికి మీరే పెద్ద. మీరు నేరుగా వాళ్లకే పంపాలి, నేను చూడకూడదు. ఏం రాయాలో మీకు చెప్పేంతదాన్ని కాను. చిరునామా వెనకవైపు ఉంది.

మీ
పిసిలా


వవావు
డిసెంబరు 2, 2022

తల్లీ పిసిలా,

ఆయన రెక్కల నీడ నీమీద ఉండుగాక. నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఉపవాసం ఉండి, మూడోరోజు నీ గురించి రాయడానికి కూర్చున్నాను. నేను హైస్కూలు దాటనిదాన్ని, అంత పెద్దవాళ్లకు ఎప్పుడూ రాయలేదు. కానీ దేవుడు మాటలు ఇచ్చాడు. నువ్వు చూడకూడదన్నావు కానీ, పంపాక చెబితే తప్పు కాదనుకుంటాను.

ఇలా రాశాను: "అయ్యలారా, పిసిలా నా తమ్ముడి కూతురు. తెలివి తక్కువది. మా దిబ్బలమీద కొంతకాలం తిరిగింది కానీ వాటి గురించి దానికి తెలిసింది బహు స్వల్పం. మీవంటి గొప్పవారి ముందు నిలబడడానికి తగినది కాదు. దాని పని నిండా తప్పులుంటాయి. మీరు పెద్ద మనసు చేసుకుని వాటిని మన్నించి, ఏ మూలనైనా దానికి కాస్త చోటిస్తే మా ఊరు మీకు రుణపడి ఉంటుంది."

రాస్తుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. పాస్టరమ్మకు చదివి వినిపించాను. "రాజుగారి ముందు కూడా ఇంతకంటే మర్యాదగా ఎవరూ మాట్లాడలేరు లోసలీనె, పిల్లకు ఉద్యోగం వచ్చినట్టే" అంది. తపాలా ఆఫీసులో నేనే స్వయంగా ఇచ్చాను.

మీ నాన్న పెండలం తవ్వాడు. ఈసారి దుంపలు చిన్నవి, అగ్నిపర్వతం పేలి బూడిద వాన పడ్డాక నేల ఇంకా తేరుకోలేదు అంటున్నాడు. నేలకు కూడా అలసట ఉంటుందేమో.

ఆశతో,
మేనత్త


ఆక్లాండ్
జనవరి 22, 2023

అత్తకు,

కొత్త సంవత్సరపు ప్రార్థనల వారం బాగా జరిగిందనుకుంటాను. మీ ఉత్తరం చేరింది. మీరు రాసినది వాళ్లకు కూడా చేరింది. అంత శ్రద్ధగా రాసినందుకు నేనేమిచ్చినా తీరదు.

ఆ ఉద్యోగం వేరేవాళ్లకు వెళ్లింది. నన్ను మాట్లాడడానికి పిలవలేదు. ఇక్కడ చాలామంది దరఖాస్తు చేస్తారు, మామూలే.

ఇంకొకటి ఉంది, చిన్న సంస్థ. ఏప్రిల్ మధ్యకు గడువు. వాళ్లూ ఊరి పెద్ద రాయాలనే అడుగుతున్నారు, కానీ మిమ్మల్ని మళ్లీ శ్రమపెట్టను. దానికి వేరే దారి చూస్తాను.

ఈ పూట ఎక్కువ రాయలేకపోతున్నాను. మన్నించండి.

పిసిలా


వవావు
ఫిబ్రవరి 8, 2023

పిసిలా,

పిలవను కూడా పిలవలేదా? నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని మెట్టుమీద కూర్చుండిపోయాను. మీ అమ్మ చేమాకులు కడుగుతూ ఏమైంది వదినా అంటే ఏం చెప్పను?

తప్పు నాదేనమ్మా. ఎక్కడ జరిగిందో ఆలోచించాను. "తెలివి తక్కువది" అని ఒక్కసారే రాశాను. అంత పెద్ద సంస్థకు అది చాలదు. మొరటుగా, పొగరుగా కనిపించి ఉంటుంది. దానికితోడు నా ఇంగ్లీషు. అందుకని హైస్కూలు మాస్టారు దగ్గరికి వెళ్లి వచ్చాను. ఈసారి నేను రాస్తే ఆయన దిద్దుతారు. నిన్ను ఇంకా బాగా తగ్గించి రాస్తాను, చదివినవాళ్ల గుండె కరగాలి. వేరే దారి చూస్తానన్నావు. నీ పేరు పెట్టింది నేను. నువ్వు పుట్టినప్పుడు మొదట నా ఒళ్లోనే పడుకోబెట్టారు. నేనుండగా వేరే దారి ఏమిటి? ఆ చిన్న సంస్థ చిరునామా వెంటనే పంపు.

వరద అని రేడియోలో విన్నాం. నువ్వు ఎలా ఉన్నావు?

మేనత్త


ఆక్లాండ్
ఫిబ్రవరి 26, 2023

అత్తకు వందనాలు.

వరదకు నేనుండే గరాజ్‌లో మోకాలిదాకా నీళ్లొచ్చాయి. పుస్తకాలు తడిసి ఉబ్బిపోయాయి. బయోడేటాలు మాత్రం అలమార పైన పొడిగా ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను. ఈమధ్య మా ఆఫీసుకు ఒక అమ్మాయి వచ్చింది. ఏదో ద్వీపం నుంచే. బాగా కష్టపడి చదివింది. ఆమె ఇంటి పెద్ద ఒకావిడ ఆమె గురించి ఉత్తరం రాసింది, చాలా ప్రేమగా, చాలా మర్యాదగా. తమ పిల్లకు ఏమీ రాదని, మన్నించమని రాసింది. ఆ ద్వీపంలో అదే పద్ధతి. ఇక్కడివాళ్లకు ఆ పద్ధతి తెలియదు. పెద్దావిడ స్వయంగా ఏమీ రాదు అంటోంది కదా, మనకెందుకు అని పక్కన పెట్టేశారు. ఆ అమ్మాయి ఆ పెద్దావిడను ఒక్క మాట అనలేదు. అనకూడదు కూడా. ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియక మా ఆఫీసులో కూర్చుని ఉంది.

మీరు చిరునామా అడిగారు కాబట్టి కింద రాశాను.

మీ
పిసిలా


వవావు
మార్చి 11, 2023

తల్లీ,

నీ గరాజ్ ఆరిందా? పుస్తకాలు నీడలో ఆరబెట్టు, ఎండలో పెడితే వంకర్లు పోతాయి.

ఆ ద్వీపం అమ్మాయి కోసం మంగళవారం ఆడవాళ్ల కూటంలో అందరం ప్రార్థన చేశాం, పేరు తెలియకపోయినా ఆయనకు తెలుసు కదా. ఆ పెద్దావిడ చేసింది మాత్రం సరైన పని. ఆ అమ్మాయికి అలాంటి పెద్దదిక్కు ఉన్నందుకు సంతోషించమని చెప్పు. చెవిటివాళ్లకు పాట నచ్చకపోతే పాడినవాళ్లదా తప్పు?

నేను నీ గురించిన ఉత్తరానికి చిత్తుప్రతి రాశాను. "మూఢురాలు" అనే మాట వాడాను. మాస్టారు సోమవారం చూస్తానన్నారు.

మార్చి 14

పై పేజీ ఇంకా పంపలేదు. చింపేద్దామనుకున్నాను, కానీ నువ్వు చూడాలి, అందుకే ఉంచుతున్నాను.

నిన్న నెయాఫు బజారుకు తలాహివాతో వెళ్లాను. తుఫాను కాలమంతా రేవులోనే ఉండిపోయిన ఒక విదేశీ పడవ మనిషి ఆమెకు చాప నెయ్యమని చెప్పాడు. ఆమె నెలల తరబడి మొగలాకు ఉడకబెట్టి, ఉప్పునీళ్లలో నానబెట్టి, వేలికొసలు పగిలేలా నేసింది. అంత సన్నటి నేత ఈ మధ్య నేను చూడలేదు. దాన్ని రెండు చేతులతో ఆయన ముందు పెట్టి, తల వంచి, "ఏదో చిన్న చాప, బాగా కుదరలేదు, మన్నించాలి" అంది. మనం ఇంకేమంటాం? ఆయన చాపను చూడనైనా చూడలేదు. ఆమె మొహమే చూసి, "పరవాలేదు, బాధపడకండి. తొందరేమీ లేదు, బాగా కుదిరినప్పుడు ఇంకోటి నేసి తెండి" అని చెప్పి, దయగా నవ్వి వెళ్లిపోయాడు.

తలాహివా చాప చంకన పెట్టుకుని రెండడుగులు పరిగెత్తింది. తర్వాత ఆయన వెనకాలే అరిచింది: "మర్యాదకన్నానయ్యా బాబూ! నిజమనుకుంటావా!" ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

బజారంతా పడీ పడీ నవ్వారు. నేను అక్కడే ఉప్పుచేపల బల్ల పట్టుకుని నిలబడ్డాను పిసిలా.

ఆ ద్వీపం అమ్మాయి ఎవరని నిన్ను అడగను. నువ్వు చెబితే మేనత్తను ఎదిరించినట్టు, చెప్పకపోతే అబద్ధం ఆడినట్టు. దానికి జవాబు రాయకు.

మాస్టారు దగ్గర చిత్తుప్రతి వెనక్కి తీసుకున్నాను. నిన్ను పొగుడుతూ ఇంకొకటి రాద్దామని ప్రభువు సహాయం అడిగి కూర్చున్నాను. రాలేదమ్మా. మన పిల్లను మనమే పొగడకూడదు. యాభై ఏళ్లు అలాగే బతికాను, నా నోరు ఇప్పుడు అటు తిరగదు. పొగడాల్సింది పరాయివాళ్లు. మన ఊళ్లో చూస్తే అందరూ మనకు ఏదో ఒక వరసే. అందుకని ఇవాళ పొద్దున పడవ కట్టించుకుని అవతలి తీరానికి, కలోలైనె దగ్గరికి వెళ్లాను. ఆ తీరపు ఆడవాళ్లకు ఆమె పెద్ద. ఆమెకూ మనకూ చుట్టరికం లేదు, ఉన్నా ఇద్దరం ఒప్పుకోం. గుల్లలు ఏరకుండా వాళ్ల దిబ్బ మూయమని నువ్వన్న రోజు నిన్ను తరుముకొచ్చింది, గుర్తుందా?

ఆమె కొబ్బరి కోరుతోంది. లేవలేదు. "ఏం లోసలీనె, నీ మేనకోడలు మళ్లీ మా దిబ్బమీద పడిందా?" అంది. కూర్చోమని కూడా అనలేదు. నిలబడే నీ ప్రశ్న అడిగాను. "కలోలైనె, ఆ పిల్ల రాకపోతే మీ దిబ్బ ఏమయ్యేది?"

కోరడం ఆపింది. "ఏమయ్యేదా? నా మనవలకు ఇసుక వడ్డించేదాన్ని" అంది.

అప్పుడు విషయం చెప్పాను. కోరుపీట పక్కకు నెట్టి, "నీ ఉత్తరం చదివి నమ్మేశారా? పాపం" అని నవ్వింది. తర్వాత, "నాకు కళ్లు సరిగా ఆనవు. నేను చెబుతాను, నువ్వే రాయి. చెప్పింది చెప్పినట్టు రాయాలి. నీ మర్యాదలు ఇందులో కలిపావో, కోరుపీటతో కొడతాను" అంది.

ఆమె చెప్పినది ఇది: "ఆ పిల్ల మా దిబ్బమీదికి వచ్చి చిన్న గుల్లలు ఏరొద్దు, కొన్నాళ్లు మూసెయ్యండి అంది. మీ నాన్న పందికి నీకంటే బుద్ధి ఎక్కువ అన్నాను. అయినా పోలేదు. నీళ్లు నడుందాకా వచ్చినా లెక్కలు రాసుకునే పలక పట్టుకుని నిలబడింది. మా ఆడవాళ్లను పిలిచి, గుల్లలు ఎంతకు పెరుగుతాయో మా చేతే కొలిపించింది. మా కళ్లతో మేమే చూశాక మూయక తప్పలేదు. ఇప్పుడు మా దిబ్బమీద అరచేయంత గుల్లలున్నాయి. ఆ పిల్ల తెలివైనది. ఇది చెప్పడానికి ఈ తీరంలో నేనే తగినదాన్ని, ఎందుకంటే నేను దాని చుట్టాన్ని కాను, పైగా దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది."

"తెలివైనది" దగ్గర నా పెన్ను ఆగింది. "ఆ ఒక్క మాట..." అన్నాను. "రాయి" అంది. రాశాను. నా చేత్తో రాశాను పిసిలా. కింద ఆమె సంతకం చేసింది. తిరిగొచ్చేటప్పుడు నెయాఫులో దిగి తపాలాలో వేశాను.

చాలా అలసిపోయాను. పడుకుంటాను.

మేనత్త


ఆక్లాండ్
ఏప్రిల్ 30, 2023

అత్తకు,

మీరు జవాబు రాయొద్దన్నదానికి రాయడం లేదు.

వాళ్లు పిలిచారు. గదిలో పొడవాటి బల్ల, అవతల నలుగురు. నా బయోడేటా ఒకవైపు, కలోలైనెగారి ఉత్తరం ఒకవైపు. దూరం నుంచే అక్షరాలు మీవని గుర్తుపట్టాను. మొదట అడిగింది పంది గురించే. ఎవరీవిడ అన్నారు. "నన్ను తరిమికొట్టిన మనిషి" అన్నాను. నవ్వారు. వాళ్లలో పెద్దాయన నవ్వలేదు. "ఈవిడ రాసింది నిజమేనా?" అని అడిగాడు.

అత్తా, ఏడాదిన్నరగా అందరి చేతా నిజం చెప్పించే పని నాది. అయినా "ఏదో కొంచెం చేశానండీ" అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. అప్పుడు ఆ కాగితం మీద మీ పెన్ను ఆగిన చోట సిరా చుక్క కనిపించింది. దాని పక్కనే ఆ మాట.

"నిజమేనండి" అన్నాను. అంతే అన్నాను.

నిన్న కబురు వచ్చింది. ఇచ్చారు. రెండేళ్ల పని. వీసా సంగతి వాళ్లే చూస్తారు. ఏడాదిలో సగం రోజులు వవావు దిబ్బలమీదే. సంతోషం ఇంకా రాలేదు, నిద్ర మాత్రం వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం దాకా పడుకున్నాను. నాచు ఆయనకు కూడా మొక్కల తోటలో పని దొరికింది, వచ్చి చెప్పి వెళ్లాడు. బ్రిజెట్ నా కుర్చీకి ఎవరైనా దొరుకుతారా అని వెతుకుతోంది.

కలోలైనెగారికి నా వందనాలు చెప్పండి. ఆమెకు కళ్లజోడు పంపుతాను.

మీ ఒళ్లో మొదట పడుకున్న
పిసిలా


వవావు
మే 8, 2023

నా తమ్ముడి బిడ్డకు,

నిన్న పిల్లల ఆదివారం. చిన్నవాళ్లందరూ తెల్లబట్టలు కట్టుకుని వాక్యాలు అప్పజెప్పారు. కలోలైనె మనవడు కూడా మన చర్చిలోనే చెప్పాలని ఈసారి వాళ్లంతా పడవ మీద ఇటే వచ్చారు. ఆఖరున పాస్టరుగారు, కృతజ్ఞతలు చెప్పేవాళ్లుంటే చెప్పండి అన్నారు. లేచి నిలబడ్డాను.

"ఏమీ తెలియని మా పిసిలాకు ఎక్కడో ఒక చిన్న పని దొరికింది. ఆ పనికి తగినది కాదు. దానికోసం ప్రార్థించండి" అన్నాను.

అప్పుడు వెనక వరసలోంచి కలోలైనె గొంతు వినిపించింది, "అబద్ధాలాడకు లోసలీనె. దేవుడి ఇంట్లో ఉన్నావు."

ముందు ఒక్కరు నవ్వారు, తర్వాత అందరూ. మీ నాన్న అవతలి తలుపు దగ్గర మగవాళ్లలో కూర్చుని ఉన్నాడు. చిన్నప్పటినుంచీ నావైపు తలెత్తి చూడని మనిషి. నిన్న కూడా చూడలేదు. తల వంచుకుని చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

నేను దిద్దుకోలేదు. కూర్చున్నాను. దిద్దాల్సిన మనిషి దిద్దింది కదా.

వచ్చేటప్పుడు ఆ కళ్లజోడు నువ్వే తీసుకురా. ఆమె ఎదురుగా నిలబడి ఇవ్వు, ఏమన్నా అంటే పడు.

ఏమీ తెలియని నా పిల్లకు,
దేవుడు తోడుండాలని కోరుకుంటూ
మేనత్త లోసలీనె